నల్ల మేజోడు వరస

కెనడా తూర్పు తీరాన ఉన్న షెటికాంప్ పల్లెలో వంటింటి కిటికీ పక్కన తివాచీ చట్రం లేని ఇల్లు అరుదు. గోనెగుడ్డ బిగించి, కొక్కెంతో ఊలు లాగుతూ ఆడవాళ్లు పువ్వులూ పడవలూ అల్లుతారు. ఒడీల్ మాత్రం కడుపు నెమ్మదిగా ఉన్న ప్రతి వారానికీ ఒక నీలి వరస వేసింది.

పందొమ్మిదో ఏటి నుంచీ ఆమెకు పెద్దపేగులో పుండ్లు. డాక్టరు ఒకటే మాట చెప్పాడు: "ఆరు నెలలు జబ్బు అణిగి ఉండాలి. ఆ తర్వాతే బిడ్డ."

ఇరవయ్యో వరస దగ్గర నెత్తురు కనపడింది. ఎవరూ చూడలేదు. అయినా మొత్తం ఊడదీసింది.

"పిచ్చిదానా, ఊలేం పాపం చేసింది?" అంది అత్త లెయోనీద్.

"ఊలు అబద్ధం చెప్పకూడదత్తయ్యా."

రెండోసారి ఇరవై ఆరు వరసలూ, అంటే ఆరు నెలలూ, నిండాయి. మరో ఎనిమిది పడేసరికి నెల తప్పింది. ఆ మాట విని మొగుడు ఆర్సేన్ పెద్దరొయ్యలు పట్టే చెక్క బోను కాలిమీద పడేసుకుని, కుంటుతూనే నాట్యం చేశాడు.

లెయోనీద్, కోడలు రోజూ వేసుకునే మాత్రల సీసా తీసి అలమరా మీద పెట్టేసింది. "కడుపుతో ఉండి మందులేంటే? నేను ఐదుగుర్ని సూప్ తాగే కన్నాను."

బిడ్డకేమవుతుందోనన్న భయంతో ఒడీల్ మాత్రలు మానేసింది. వారం తిరిగేలోపు కడుపులో మెలికలు, నెత్తురు. డాక్టరు దగ్గరి నర్సు ఇవెట్‌కి ఫోన్ చేసింది.

"మందు ఎవరు మాన్పించారు?"

"మా అత్తయ్య."

"ఫోన్ ఆవిడకివ్వు. ఏమమ్మా, ఈ మందు బిడ్డకి చెరుపు కాదు. జబ్బు తిరగబెడితేనే చెరుపు. ఇప్పుడే మాత్ర వేయించి, రేపు పొద్దున్నే తీసుకురండి."

మర్నాటి నుంచి టీ పళ్లెంలో మాత్ర పెట్టుకుని లెయోనీద్ ఎదురుగా నిలబడేది. "మింగు. నోరు తెరువు. నాలుక ఎత్తు."

"నేనేమైనా చిన్నపిల్లనా?"

"లోపలున్నది చిన్నదే కదా!"

నెల తిరిగేసరికి కడుపు కుదుటపడింది. చెడ్డ వారాలకి ఏ రంగు వెయ్యాలా అని ఒడీల్ ఆలోచిస్తుంటే, ముసలావిడ తన నల్ల మేజోడు విప్పి ఊలు తీసింది. "ఇది వెయ్యి. నా తెలివి గుర్తుండాలి."

మార్చిలో జెలీ పుట్టింది, ఊరంతా వినపడేలా ఏడుస్తూ. చూడవచ్చిన పక్కింటామె, "పాలిస్తూ మందులా!" అని బుగ్గలు నొక్కుకుంది.

"నర్సునడిగాం. కాన్పయ్యాక మానేస్తేనే ముప్పట," అంది లెయోనీద్. "నువ్వు తెచ్చిన కేకు అక్కడ పెట్టి కూర్చో."

లెయోనీద్ పోయి మూడేళ్లు. జెలీ ఆ తివాచీ మీదే పాకింది, నడిచింది. ఇప్పుడు రోజూ పొద్దున నల్ల వరస మీద బొటనవేలు పెట్టి, కథంతా తెలిసినా అడుగుతుంది: "ఇదేంటమ్మా?"

"మీ నానమ్మ మేజోడు," అంటుంది ఒడీల్, మాత్ర నోట్లో వేసుకుంటూ.

జెలీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతుంది. "నోరు తెరువు. నాలుక ఎత్తు."