టోవా పాయోలో పందొమ్మిది వందల పదకొండు

జగన్మోహనరావు సింగపూరుకి వచ్చిందే రెండు అంకెల కోసం. రెండు వేల సంవత్సరం దగ్గరపడుతుంటే, ఇక్కడి ఒక బ్యాంకులో పాత కంప్యూటర్లకి సంవత్సరంలో చివరి రెండంకెలే తెలుసుననీ, సున్నా సున్నా రాగానే అవి పందొమ్మిది వందలో సంవత్సరమని భ్రమపడతాయనీ గగ్గోలు పుట్టింది. ఆ భ్రమ పోగొట్టడానికి తెప్పించిన మందలో గుడివాడ నుంచి వచ్చిన ఈయనా ఒకడు. మందలో ఒకణ్ణన్న సంగతి మాత్రం ఊళ్ళో చుట్టాలకి చెప్పేటప్పుడు కాస్త పక్కన పెట్టేవాడు. "మేమే గనక లేకపోతేనా, సింగపూరు మొత్తం వందేళ్ళు వెనక్కి పోయుండేది" అనేవాడు. మేము అన్న మాటని 'నేను' అని వినిపించేలా అనడం ఆయనకి బాగా వచ్చు.

ఆ పనిలో పరీక్షల కోసం ఒక ఉత్తుత్తి ఖాతాదారు కావలసి వచ్చాడు. శుభమా అని గణపతి అని పేరు పెట్టాడు. పుట్టిన సంవత్సరం దగ్గర 1911 అని కొట్టాడు. దానికో గొప్ప కారణమేం లేదు, చివర్లో ఒకే మీటని రెండుసార్లు నొక్కితే సరిపోతుందని బద్ధకం. ఆ గణపతి బ్యాంకులో ఇరవై ఏళ్ళకి పైగా బతికాడు. ఖాతాలు తెరిచాడు, మూశాడు, సోమవారం చచ్చిపోయి మంగళవారం లేచి కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, ఇంతకీ మనవాడు పుట్టిన ఏడు ప్రపంచంలో ఏం జరిగిందో చూద్దామని జగన్మోహనరావు వెతికాడు. అంతే, ఆ ఏడు ఆయన్ని పట్టుకుంది.

ఎన్ని జరిగాయి ఆ ఒక్క ఏడాదిలో! మనుషులు మొదటిసారి దక్షిణ ధ్రువం మీద కాలు పెట్టారు. ప్యారిస్‌లో మోనాలిసా బొమ్మని ఎవడో గోడ మీంచి తీసుకుని దర్జాగా నడిచిపోయాడు. చైనాలో విప్లవం లేచింది. ఢిల్లీ దర్బారులో రాజుగారు కలకత్తాని కాదని రాజధానిని మార్చేశారు. సింగపూరు ఆకాశంలో మొట్టమొదటి విమానం ఎగిరింది. ఇవన్నీ తన గణపతి గౌరవార్థమే జరిగినట్టు ఆయనకి ఒక రకం తృప్తి.

ఆ తృప్తిని పక్కవాళ్ళకి పంచడంలోనే వచ్చింది చిక్కు. ఆఫీసులో ఆయన లిఫ్టు ఎక్కితే తోటివాళ్ళు మెట్లెక్కేవారు. కూతురు ప్రణవి పెళ్ళి చేసుకుని సింగపూరు అటు చివర యూ టీ పేటకి వెళ్ళిపోయాక, ఫోన్లో "నాన్నా, 1911 మళ్ళీనా? ఐ గో ఫస్ట్ లా" అని పెట్టేసేది. ఇక రిటైరయ్యాక టోవా పాయో పేటలోని ఫ్లాట్‌లో శ్రోత ఒక్కరే మిగిలారు, భార్య అరుంధతి. ఆవిడ పిల్లల సెంటర్‌లో రోజంతా నాలుగేళ్ళ పిల్లల్ని సముదాయించి వచ్చేది. ఇంటికొచ్చేసరికి అరవై రెండేళ్ళ పిల్లాడు ఢిల్లీ దర్బారు కథతో తయారుగా ఉండేవాడు.

ఒక సాయంత్రం ఆవిడే అంది, "ఏమండీ, మన బ్లాకు కింద పెద్దవాళ్ళ సెంటర్ ఉందిగా. వారానికోసారి బింగో ఆటకి ముందు ఎవరైనా వచ్చి మాట్లాడితే బావుణ్ణని బోర్డు పెట్టారు. మీరు వెళ్ళకూడదూ?"

"వాళ్ళకి నా స్థాయి విషయాలు అర్థమవుతాయంటావా?" అన్నాడాయన.

అరుంధతి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ భుజాలు కదలడం ఆయన చూశాడు గానీ అది నవ్వని ఆయనకి తట్టలేదు. తర్వాత తర్వాత ఆ మాట తల్చుకున్నప్పుడల్లా జగన్మోహనరావు తన నెత్తిన తనే ఒకటి మొట్టుకునేవాడు.

మొదటి వారం పొడుగు చేతుల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, చంకలో లాప్‌టాప్‌తో దిగాడు. గుప్పెడు మంది ఉన్నారు, అందరూ డెబ్భై దాటినవాళ్ళే. కొందరు ఏసీ కోసం, కొందరు కరీపఫ్ కోసం, మిగతావాళ్ళు బింగోకి ముందే మంచి కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్‌ని రుమాలులా వేసి 'చోప్' చేసుకోవడం కోసం వచ్చారు. ఆయన కోసం వచ్చినవాళ్ళు లేరని తెలియడానికి ఆయనకి పది స్లైడులు పట్టింది.

చాలామందికి ఆయన ఇంగ్లీషు అందలేదు. అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలావిడ లేచి ముందుకొచ్చింది. పేరు రాజమ్మ. తాత కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. ఆవిడ తెలుగులో అరవం కలిసేది, అరవంలో మలయ్ కలిసేది. పుట్టి పెరిగింది హొక్కియెన్ మాట్లాడే చీనావాళ్ళ మధ్య కాబట్టి అదీ ధారాళంగా వచ్చు.

"ఏటి తంబీ, నువ్వు సెప్పు. నేను వీళ్ళకి సెప్తాను" అంది.

జగన్మోహనరావు చైనా విప్లవం గురించి ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడాడు. రాజమ్మ అటు తిరిగి రెండు ముక్కలు అంది. అందరూ తలూపారు.

"ఏం చెప్పారాంటీ?"

"రాజుకి పోయేకాలం వచ్చింది అన్నాను."

"నేను చాలా చెప్పానే!"

"సాలా సెప్పావు. అందులో ఉన్నది అదే కదా."

మోనాలిసా దగ్గర కాస్త కదలిక వచ్చింది. బొమ్మ పోయాక ఖాళీ గోడని చూడ్డానికి జనం క్యూ కట్టారంటే, ఒక పెద్దాయన కళ్ళు తెరిచి క్యూ ఎంత పొడుగని అడిగాడు. ఆ ఉత్సాహంలో జగన్మోహనరావు దక్షిణ ధ్రువం ఎత్తుకున్నాడు. నార్వే నుంచి వెళ్ళిన ఐదుగురి పేర్లూ ఒక్కొక్కటే చదివాడు, ఎవరు ఏ పనిలో మొనగాడో చెప్పాడు. "స్లెడ్జి బళ్ళు లాగడానికి యాభై రెండు కుక్కల్ని తీసుకెళ్ళారు. తిరిగొచ్చినవి పదకొండు. మరి మిగతావేమయ్యాయి?" అని ఆగాడు. నవ్వించాలనిపించింది. ఇక్కడ తిండికి అందరూ వాడే మలయ్ మాటే అన్నాడు. "మకాన్!"

అనేసి, నవ్వుకోసం చూస్తూ తర్వాతి స్లైడు నొక్కాడు.

ముందు వరసలో మేడమ్ కో అనే చీనా ముసలావిడ కూర్చుని ఉంది. పక్కన పిల్లల తోపుడుబండి లాంటి బండి, అందులో రిబ్బను కట్టుకున్న చిన్న తెల్లకుక్క. ఆవిడ లేచి, బండి తిప్పుకుని బయటికి వెళ్ళిపోయింది. ఢిల్లీ దర్బారుని ఆ రోజు ఎవరూ చూడలేదు.

మర్నాడు సెంటర్ నడిపే అమ్మాయి సితి లిఫ్టు దగ్గర ఎదురై, "అంకుల్, మేడమ్ కో ఇక రానంటోంది. బింగోకి కూడా రాదట" అంది, ఎవరో పోయినట్టు.

ఇంట్లో అరుంధతి నెమ్మదిగా అడిగింది. "కుక్కని పక్కన పెట్టుకుని కూర్చున్న మనిషి ముందు, కుక్కల్ని తిన్నారని జోకేశారా?"

"జోకేమిటి, అది చరిత్ర."

"మకాన్ అనడం కూడా చరిత్రేనా?"

ప్రపంచంలో అన్ని బ్యాంకుల పొరపాట్లు సరిదిద్దినట్టు చెప్పుకునే మనిషి కదా, ఈ పొరపాటుకి ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. అది అబద్ధం. అంతకంటే తెలివైనదేదీ ఆయన బుర్రలోంచి రాలేదు.

సితి బతిమాలగా బతిమాలగా తర్వాతి వారం మేడమ్ కో వచ్చి తలుపు పక్కన కూర్చుంది, బండి పిడి వదలకుండా. జగన్మోహనరావు గొంతు సవరించుకున్నాడు. "పోయిన వారం నేను చదివిన పుస్తకంలో అచ్చుతప్పు ఉందండీ. కుక్కలన్నీ క్షేమంగా తిరిగొచ్చాయి."

రాజమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఆంటీ, చెప్పండి."

"అబద్ధం నా నోటితో సెప్పను తంబీ. నీ సామాను నువ్వే మోసుకో."

చేసేది లేక ఆయనే మేడమ్ కో వైపు తిరిగి, తన ఇంగ్లీషుని తుంచి తుంచి అన్నాడు, "ఆల్ డాగ్స్ కమ్ హోమ్, మేడమ్."

"యూ బ్లఫ్ మీ" అంది మేడమ్ కో. తర్వాత హొక్కియెన్‌లో అందుకుంది. రాజమ్మ ఈసారి ఒక్క ముక్క తగ్గించకుండా తెలుగులో పెట్టింది. "మనవడు ఫోన్లో సూసి సెప్పాడంట. ఆమెకి ఎనభై దాటింది. మొగుడు పోయాడు, సెల్లెలు పోయింది, దీనికి ముందు రెండు కుక్కలు పోయాయి. కుక్కలు సస్తాయని నువ్వు వచ్చి దాచిపెట్టాలా, అంటంది."

"మరి ఆ రోజు ఎందుకు వెళ్ళిపోయారు?"

ప్రశ్న అటు వెళ్ళింది, జవాబు ఇటు వచ్చింది. "ఆ ఐదుగురు మొగోళ్ళ పేర్లూ వరసపెట్టి సెప్పావంట. బండి లాగింది కుక్కలు. వాటికి పేర్లు లేవా అంటంది."

జగన్మోహనరావు లాప్‌టాప్ వైపు చూశాడు. అన్ని స్లైడుల్లో ఎక్కడా లేవు. ఇరవై ఏళ్ళుగా ఆ ఏడాదిని జేబులో వేసుకు తిరిగిన మనిషికి ఒక్క కుక్క పేరు తెలియదు. "తెలీదండీ" అన్నాడు. అది రాజమ్మ అనువాదం చేయనవసరం లేకుండానే అందరికీ అర్థమైంది.

ఆ వారమంతా ఆయన కుక్కల వెంట పడ్డాడు. వాటికి పేర్లున్నాయి, గుణాలున్నాయి, ఒకదానితో ఒకటి తగవులున్నాయి. లాసే అనేది ఆ ఐదుగురి నాయకుడికి అన్నిట్లోకీ ఇష్టమైన కుక్క, అది ధ్రువం చూడలేదు. హెల్గె ధ్రువం దాకా లాగింది, అక్కడే దాని పని అయిపోయింది. కర్నల్ అని పిలిచే పెద్ద కుక్క మాత్రం మంచు దాటి నార్వేలో ముసలితనం చూసింది. ఆయన చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం అరుంధతి గుమ్మంలోంచి చూసింది.

"ఏమైందండీ?"

"లాసే పోయిందే."

"ఎప్పుడు?"

"నూట పదేళ్ళు దాటింది" అన్నాడు, అని తనకే నవ్వొచ్చి, నవ్వుతూనే ముక్కు చీదుకున్నాడు. దర్బారుకి వెళ్ళిన రాజులూ నవాబులూ ఎంతమంది పోయినా ఆయనకి ఇన్నేళ్ళలో కళ్ళు చెమర్చలేదు.

మరుసటి వారం లాప్‌టాప్ తీసుకెళ్ళలేదు. కుర్చీ లాక్కుని మేడమ్ కోకి ఎదురుగా కూర్చుని, ముందు అన్నాడు, "ఆ రోజు నేను నవ్వించబోయాను. తప్పు." రాజమ్మ చెప్పింది. మేడమ్ కో బండి జిప్పు తీసి కుక్కని ఒళ్ళో పెట్టుకుంది. ఆయన ఒక్కో కుక్క కథా చెప్పుకుంటూ వచ్చాడు. ఏది దొంగతిండి తినేది, ఏది తాడు కొరికేది, ఏది ఎక్కడ ఆగిపోయింది. ఆ పేర్లు హొక్కియెన్ నాలుకల మీద పడి చిత్రంగా వంగాయి. బింగో వేళ దాటిపోయింది, ఎవరూ గడియారం చూడలేదు. క్యూ సంగతి అడిగిన పెద్దాయన, ధ్రువానికి వెళ్ళిన రెండో జట్టు గుర్రాలతో బయల్దేరిందని వినగానే చెయ్యెత్తాడు.

"గుర్రాల పేర్లు?"

జగన్మోహనరావు తల పట్టుకున్నాడు. "వచ్చే వారం, అంకుల్."

అలా 1911 టోవా పాయోలో నెలల తరబడి సాగింది. ఆయన ఒక పూటలో ముగిద్దామనుకున్న ఏడాది వాళ్ళ ప్రశ్నల దెబ్బకి ముందుకి కదలనే కదలదు. దొంగ మోనాలిసాని ఎక్కడ దాచాడు, వాడి అమ్మకి తెలుసా, దర్బారులో భోజనాలు ఎవరు వండారు. సగం వాటికి జవాబులు దొరకలేదు. తెలీదు అనడం మొదట్లో పంటికింద రాయిలా ఉండేది, తర్వాత అలవాటైపోయింది.

విమానం కథ వచ్చినప్పుడు, అది ఎగిరిన చోటు చూడాలని పట్టుబట్టారు. ఒక ఉదయం అందరూ కలిసి ట్రైన్‌లో ఫారర్ పార్కుకి వెళ్ళారు. ఆ రోజుల్లో అక్కడ గుర్రప్పందాల మైదానం. ఇప్పుడు చూడ్డానికేమీ లేదు. "ఇక్కడే" అని ఆయన చెయ్యి చాపాడు, ఏ వైపో ఆయనకీ సరిగ్గా తెలియక కొంచెం అన్ని వైపులా చాపాడు. అందరూ తలలెత్తి ఖాళీ ఆకాశం వంక మర్యాదగా చూశారు. రాజమ్మ ముందుగా తల దించింది.

"సూసేశాం. సుడా, అయిపోయింది. పదండి, టెక్కాలో తిందాం."

టెక్కా మార్కెట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి, కాఫీలు తేవడానికి తనే బయల్దేరాడు. పాలు లేనిది ఒకటి, పంచదార లేనిది రెండు, డబ్బా పాలది ఒకటి, తీపి తక్కువది ఒకటి, చల్లటిది ఒకటి, మేడమ్ కోకి చిక్కటి టీ. ధ్రువం చూసిన ఐదుగురినీ, వాళ్ళ కుక్కలనీ నిద్రలో లేపినా అప్పజెప్పగల మనిషి, కౌంటర్ దగ్గరికి చేరేసరికి మొదటిదొక్కటే గుర్తుంచుకున్నాడు. వెనక జనం పేరుకుంటున్నారు. కాఫీ కలిపే మనిషి గరిటె ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు.

"అంకుల్, ఆర్డర్ వాట్?"

జగన్మోహనరావు క్యూలోంచి తప్పుకుని, మళ్ళీ అడిగి రావడానికి బల్ల వైపు నడిచాడు.