మెట్ల కింద పెట్టెకు ఆయుధపూజ

1999, ఆయుధపూజ రోజులు. చెన్నైలో వానలు ఇంకా దిగలేదు. ఉక్క మాత్రం దిగింది. ఆ ఉక్కలో నేను చేసిన పూజకు మా ఇంట్లో ఒక యంత్రం స్పృహ తప్పింది! ఎట్లాగో చెప్తా, మీ టీ చల్లారేలోపు అయిపోతుంది.

రాయపురంలో మాకు తాళ్ల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. నా కోడలు వసంత ఇంట్లోనే కంప్యూటర్ మీద పెళ్లిపత్రికలు, క్యాలెండర్లు తయారుచేసి ప్రెస్సుకు ఇస్తుంది. ఆ ఏడు కొత్త కంప్యూటర్ కొన్నది. పాతదాన్ని పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నాను.

"వద్దు మామా, దాన్ని ఇంటికంతా బీరువా చేస్తా" అంది.

కంప్యూటర్‌ని బీరువా చేయడమేంది! నోరెళ్లబెట్టి చూస్తూ కూర్చున్నా. ఏదో పత్రికతో ఊరికే వచ్చిన సీడీ వేసి, అందులోని కొత్త ప్రోగ్రాం ఎక్కించింది. లోపల పెద్ద డిస్కు బిగించింది. తెర తీసేసింది, కీబోర్డు తీసేసింది. వేడెక్కకుండా పైమూత కూడా తీసేసి మెట్ల కింద పెట్టింది. ఆడనుంచి నల్ల వైరు పైన తన గదికీ, అంగడిలో మా అబ్బాయి బిల్లుల కంప్యూటర్‌కీ లాగింది. ఇంక ఎవరు ఏం రాసినా ఆ పెట్టెలో పడుతుంది. ఎవరు అడిగినా తీసిస్తుంది. కళ్లు లేవు, చేతులు లేవు, అయినా అందరి పనీ కడుపులో దాచుకుని గుర్రుమంటూ ఉంటుంది. అంగడికి వచ్చిన ప్రతివాడికీ చూపించా. "మా కోడలు చేసింది!" తాడు కొనకపోయినా సరే, అది చూడకుండా ఎవర్నీ పంపలేదు.

అంత ముద్దు కాబట్టే కొంప మునిగింది.

ఆయుధపూజ నాడు పనిముట్లకు గంధం, కుంకుమ పెట్టి విశ్రాంతి ఇస్తాం. మర్నాడు హారతి ఇచ్చేదాకా ముట్టం. తక్కెడకు పెట్టా, తాళ్లు కోసే కత్తికి పెట్టా, స్కూటర్‌కి పెట్టా. మెట్ల దగ్గరికొస్తే ఇది ఇంకా గుర్రుమంటోంది! ఇంటిల్లిపాది బరువూ మోసేది ఇదే, దీనికి ఒక్క రోజు సెలవు లేదా? మనసొప్పలేదు. ప్లగ్ పీకేశా. "హాయిగా పడుకో తండ్రీ" అన్నా. గంధం పూసి, చామంతి దండ వేసి, పైన ఆకులో బొరుగులూ బెల్లమూ పెట్టా. మూత లేదు కదా, ఆకు ఒరిగి సగం లోపలికి జారాయి. నైవేద్యమే కదా, తిననీ అనుకున్నా.

పైనుంచి వసంత కేక. "మామా! పెట్టెను ఎవరన్నా ముట్టుకున్నారా?"

"లేదమ్మా, పూజ చేశా!"

పరుగున దిగొచ్చి తల పట్టుకుంది. కొత్త ఏడాది డైలీ క్యాలెండర్ తెలుగు షీట్లన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయంట. ఆఖరి నెల అందులో వేసేసి తానూ పని ఆపుదామనుకుందంట. సరిగ్గా అప్పుడే నేను పీకాను. మర్నాడు మధ్యాహ్నం ప్రెస్సాయన వస్తాడు. షీట్లు ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది, మళ్లీ రాదు.

"ఇప్పుడే ఆన్ చేస్తా మామా."

"పూజలో పెట్టినదాన్ని రేపటిదాకా ముట్టరాదు."

మా ఆవిడ వంటింట్లోంచి అందుకుంది. "సుమ్మా ఊరుకోండి! మీ మొండితనానికి కూడా ఒక బొట్టు పెట్టి పడుకోబెట్టండి!"

నేను వింటేగా! వసంత నా మొహం చూసింది, ప్లగ్ చూసింది. "సరి మామా, రేపే" అంది.

తెల్లారింది. హారతిచ్చి ప్లగ్ పెట్టా. ఫ్యాన్ తిరిగింది. లోపలి బొరుగులు ఎగిరి నా నెత్తిన అక్షింతల్లా పడ్డాయి! వాటి వెనకే చీమలు. పెట్టె రెండుసార్లు కుయ్యిమని ఊరుకుంది.

"ప్లగ్ పీకండి మామా!"

"ఇప్పుడు పీకొచ్చా?"

"ఇప్పుడే పీకాలి!"

మెత్తటి బ్రష్ అడిగింది. పరుగెత్తి నా గడ్డం బ్రష్ తెచ్చిచ్చా. ఒక్కొక్క ముక్కా ఊడదీసి, చీమల్ని దులిపి, తుడిచి మళ్లీ బిగించింది. వలల చిక్కు విప్పే చేతులు మా రాయపురం రేవులో ఎన్నో చూశా, ఇంత ఓపిక చూడలేదు. తెర తెచ్చి తగిలించి ఆన్ చేసింది. కాలుజారి పడ్డ ముసలాడు లేచి చేయి ఉందా, కాలు ఉందా అని తడుముకుంటాడే, ఆ పెట్టె అట్లా తనను తాను తడుముకుంది. అన్ని నెలలూ దొరికాయి, డిసెంబర్ తప్ప.

"మామా, పైకి రండి, పంచాంగం కాగితం చూసి మీరు చదవండి, నేను కొడతా."

నేనా? నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి. కూడబలుక్కుంటూ తిథి, నక్షత్రం గొంతెత్తి చదివా. నేను "వర్జ్యం" అనేలోపు ఆమె వేళ్లు ఆ గడిలో కాచుకుని ఉన్నాయి.

"మామా, ఈ తేదీ దాటేసరికి నిజంగానే డిసెంబర్ వచ్చేస్తుంది!"

ఆఖరి షీట్లలో ఉండగా ప్రెస్సాయన వచ్చాడు. పెట్టె చూపించి కాసేపు ఆపమని మా ఆవిడ్ని పంపా. "దాని గురించి నాకేం తెలుసు, బొరుగులు తింటుందని తప్ప" అంటూనే పోయింది. ఆయన నవ్వి, టీ తాగి, షీట్లు తీసుకునే వెళ్లాడు.

క్యాలెండర్ అచ్చయి వచ్చింది. ప్రతి షీటు కిందా ఒక మంచి మాట ఉంటుంది. మా అంగడి క్యాలెండర్‌లో ఆయుధపూజ షీటు మాత్రం వసంత తానే వేరేగా అచ్చువేసి అతికించింది. "పూజ చేయవచ్చు. ప్లగ్ పీకరాదు." అంగడికి వచ్చిన ప్రతివాడికీ అదీ చూపించా. "మా కోడలు రాసింది!"

నా గడ్డం బ్రష్ తిరిగి రాలేదు. మెట్ల కింద పెట్టె పక్కన మేకుకు వేలాడుతోంది.