సోమవారం వానలు

ఈ పొద్దున ఫోనుకు ఒక సందేశం వచ్చింది. మీ మండలంలో ఓ మోస్తరు వర్షం కురుస్తోంది, జాగ్రత్తగా ఉండండి అని. నేను జాగ్రత్తగానే దుకాణం దిగి రోడ్డు మీదికి వచ్చి ఆకాశం చూశాను. బొంబాయి పోయే లారీలు లేపిన దుమ్ము తప్ప పైన ఏమీ లేదు. లోపలికి పోయి జిరాక్సు మిషను మూత ఎత్తి దించాను, మళ్లీ బయటికి వచ్చాను. ఎదురుగా చాయ్ బండి ఆయన "ఏం సేటూ, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్, కూసో జర" అన్నాడు. కూర్చోవడం నా వల్ల కాలేదు. కురవని వాన కురిసిందని రాసిన కేసులో ఒకప్పుడు ముద్దాయిని నేనే.

నా మాట మీద జహీరాబాద్‌లో ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. మా చేలో అల్లం తవ్విన రోజు ఆ ఘాటుకు హైవే మీద లారీ డ్రైవర్లందరికీ నిద్రమత్తు వదిలిందని నేను చెబితే నమ్మినవాళ్లున్నారు. కోహీర్‌లో ఒక జామచెట్టుకు ఎంత కాపు కాసిందంటే, ఆ బరువుకు నేల కుంగి పక్క బావిలో నీళ్లు రెండు మెట్లు పైకొచ్చాయని కూడా చెప్పాను. అది ఎవరూ నమ్మలేదు గానీ, రెండోసారి చెప్పించుకుని విన్నారు. అబద్ధానికి అంతకన్నా మర్యాద ఏం కావాలి?

అలాంటి నా దుకాణానికి, ఏడెనిమిదేళ్ల కింద, ఎండాకాలం చివర్లో ఒక అమ్మాయి ప్రశ్నల కాగితాలు జిరాక్సు తీయించుకోవడానికి వచ్చింది. పట్నంలో పీహెచ్‌డీ చేస్తున్నదట. ఒకే చేలో పదీ పన్నెండు రకాల గింజలు కలిపి చల్లితే, వాన తక్కువైన ఏడు ఏది ఎండుతుంది, ఏది దేన్ని కాపాడుతుంది అన్నది ఆమె పరిశోధన. ఆ వానాకాలమంతా లెక్కలు తీసుకోవడానికి ఒక చేను కావాలి, రోజూ పొద్దున పోయి వాన ఎంత పడిందో రాసే మనిషి కావాలి. ఆమె మాట పూర్తికాకముందే ఝరాసంగం దిక్కున ఉన్న మా మేనత్త చేను నేను రాసిచ్చేశాను. పచ్చజొన్న, కంది, బబ్బెర, అనుములు, నువ్వులు అన్నీ ఒకే సాళ్లలో పండించే మనిషి ఆమె. రాసే పని కూడా నేనే చేస్తానన్నాను. చాయ్ ఆయన అడ్డం వచ్చాడు. "ఆయనకియ్యకు బిడ్డా. ఆయన ఎండల పోయి గూడ తడిసొచ్చిన అంటడు." ఆ అమ్మాయి నవ్వింది. కానీ బండి ఉన్నదీ, తెల్లవారితే ఒక చోట నిలవలేక ఎటైనా పోదామని చూసేదీ ఆ వీధిలో నేనొక్కణ్నే.

వర్షమాపకం అంటే పెద్ద యంత్రమేమీ కాదు. రేకు డబ్బా, దాని మూతికి గరాటు, లోపల సీసా, కొలవడానికి గీతల గ్లాసు. చేను మధ్యలో దాన్ని పాతుతుంటే మేనత్త నడుం మీద చేయి పెట్టుకుని చూసి, ఆ అమ్మాయిని అడిగింది. "ఇది నీదేనా బిడ్డా, సర్కారుదా?"

"నా పేరు మీదనే ఇచ్చిన్రు అవ్వా. పోతే నేనే కట్టాలె. మీ తాన పెట్టి పోతున్న, జర పైలం."

"నా కండ్ల ముంగటనే ఉంటది, ఫికర్ జెయ్యకు."

మృగశిర దాటింది. విత్తనాలు మొలిచాయి. ఆ తర్వాత మబ్బులు వచ్చి, మమ్మల్ని చూసి, బీదర్ దిక్కు వెళ్లిపోవడం మొదలుపెట్టాయి. రోజూ పొద్దున అరగంట బండి నడిపి పోవడం, గరాటు తీసి ఖాళీ సీసా చూడడం, పుస్తకంలో సున్నా చుట్టడం. కథలు చెప్పి బతికే వాణ్ని రోజుకొక సున్నా చుట్టమంటే ఎంత కష్టమో మీకు తెలియదు. పెన్ను దానంతటదే ఒక చిన్న జల్లు వైపు వంగేది. ఒట్టు, నేను వంగనివ్వలేదు. దుకాణానికి తిరిగొచ్చాక కూడా కాళ్లు ఆగేవి కావు. ఉక్కపోతగా అనిపిస్తే మధ్యాహ్నం మళ్లీ పోయి చూసేవాణ్ని. సోమవారం సోమవారం ఆ అమ్మాయి పట్నం నుంచి బస్సులో, అక్కడి నుంచి షేర్ ఆటోలో మిట్టమధ్యాహ్నానికి చేను చేరేది. మట్టి పొట్లాలు కట్టుకుని, నా పుస్తకం తెరిచేది. మొదటి సోమవారం ఆ వారం సున్నాలన్నీ చూసి, మేనత్త పెట్టిన జొన్నరొట్టె సగం వదిలేసింది.

ఆ మరుసటి సోమవారం పొద్దున సీసాలో నీళ్లున్నాయి. నేను గంతేశాను. నేల పొడిగానే ఉంది, నిజమే. కానీ దాహంగా ఉన్న నేల తాగేసి మూతి తుడుచుకుని ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. మధ్యాహ్నం వచ్చిన అమ్మాయి కూడా వంగి మట్టి ముట్టి చూసి, "ఎండకు ఆరిపోయినట్టుంది అంకుల్" అంది. "ఆరిపోయింది" అన్నాను. అంకుల్ అన్నందుకు కూడా ఆ రోజు బాధ కలగలేదు. తర్వాతి సోమవారమూ నీళ్లే. ఆ తర్వాతా అంతే. మా అత్త చేను మీద ఒక్క మబ్బు వచ్చి ఆగి, పక్క చేనుకు చుక్క కూడా విదల్చకుండా కురిసి పోతున్నదని దుకాణంలో కూర్చున్నవాళ్లందరికీ చెప్పాను. ఎప్పటిలాగే నవ్వారు. నాకు కోపం వచ్చింది. జీవితంలో మొదటిసారి నిజం చెబుతున్నాననుకున్నాను.

ఒక్క సోమవారం మాత్రం నేను చేలో ఉండగానే నిజంగా కురిసింది. గరాటు మీద చేయి వేయబోతుంటే బీదర్ దిక్కు నుంచి తిరిగొచ్చింది వాన. మేనత్త గోనెసంచి కొప్పెర సగం నా నెత్తి మీద కప్పింది. కంది మొక్కల మధ్య ఇద్దరం నిలబడ్డాం. ఎండిన మట్టి లేచి వాసనగా ముక్కుకు తగిలింది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు, నా కాళ్లు ఎటూ పోదామనలేదు. వెలిశాక సీసా కొలిచి రాశాను. వాగు పొంగి ఆటోలు రాలేదు, ఆ అమ్మాయి ఆ రోజు చేను దాకా చేరలేదు.

ఆ వారమే ఆమె నేరుగా దుకాణానికి వచ్చింది. ముఖంలో రక్తం లేదు. మట్టి పరీక్షలకూ నా పుస్తకానికీ పొంతన కుదరలేదట. వాళ్ల గైడు సారు అంతకుముందు ఆమె తీసుకుపోయిన పుస్తకం నకలు తిరగేసి, "వాన సోమవారం సోమవారం డ్యూటీకి వస్తుందా, అదీ ఒకే కొలతతో?" అన్నాడట. వారంలో కమిటీ ముందు కూర్చోవాలి. దొంగలెక్కలని తేలితే ఆ ఏడాది పనే కాదు, సీటే పోతుంది.

"నిజం చెప్పుండ్రి అంకుల్. మీరు రాసిన్రా?"

"లేదు బిడ్డా. నీళ్లున్నయి. నేను కొలిచిన."

"అందరు అంటనే ఉన్నరు, ఆయనకియ్యకు అని. నేనే ఇనలే."

ఇన్నేళ్లు కూడబెట్టిన పేరు ఒక్కసారిగా చేతికొచ్చింది. డబ్బా పీకి తీసుకురమ్మన్నాడట సారు. నా బండి మీదనే పోయాం. దారిలో నేను మూడుసార్లు బండి ఆపి, ఎందుకు ఆపానో తెలియక మళ్లీ తోలాను.

డబ్బా పీకుతుంటే మేనత్త ఇంట్లో నుంచి చాయ్ గ్లాసుతో పరుగున వచ్చింది. నిండా నీళ్లు. "ఆగు బిడ్డా, ఆగు" అంటూ మా కళ్ల ముందే గరాటులో పోసేసింది.

"అత్తా! ఏం జేస్తున్నవ్?"

"ఏం జేస్తున్న? పరాయి పిల్ల గిన్నె ఖాలీగ చేతుల పెట్టి పంపుతనారా? పక్కింటోల్ల గిన్నెనే ఇంత ఉప్పుగల్లేసి ఇస్తం." తర్వాత అమ్మాయి వైపు తిరిగింది. "మొదటిసారి నువ్వొచ్చిన నాడు ఖాలీ ఉన్నదని నీ మొఖం చిన్నబోయింది. రొట్టె గూడ తినలే. గందుకే నువ్వొచ్చే దినం పొద్దుగాల్ల గ్లాసెడు పోసి పెడుతున్న. జొన్నలు పోద్దమంటే మూతి ఇరుకు."

అమ్మాయి గట్టు మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. కాసేపటికి లేచి గైడు సారుకు ఫోను కలిపింది. అక్కడ ఒక బండరాయి ఎక్కితేనే సిగ్నల్. ఆయన నాతోనే మాట్లాడతానన్నాడు. రాయి ఎక్కి, ఎటూ తిరగడానికి వీల్లేక, ఉప్పూ కారం కలపకుండా జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన అంతా విని, "పెద్దమనిషీ, ఇంతకన్నా నమ్మే కథ ఒకటి దొరకలేదా?" అన్నాడు.

ఫోను స్పీకరు మీద ఉంది. మేనత్త కింది నుంచే అరిచింది. "ఎవలయ్యా సారూ! మీ అవ్వ ఎన్నడన్న ఎవలింటికన్న ఖాలీ గిన్నె పంపిందా? చెప్పు!"

ఆయన గొంతు మెల్లబడింది. "లేదమ్మా. ఏమీ లేకపోతే కరివేపాకు రెబ్బైనా వేసేది." అమ్మాయితో అన్నాడు, "సోమవారాలన్నీ కొట్టెయ్. ఎందుకు కొట్టేశావో ఆమె చెప్పినట్టే రాయి. కమిటీకి నేను చెబుతాను."

"ఒక సోమవారం నిజంగనే పడ్డది సార్" అన్నాను.

"ఆ రోజు ఆమె పోయలేదా?"

మేనత్త తల దించుకుంది. "పోసినంక పడ్డది."

"రెండూ కలిశాయి. అదీ కొట్టెయ్యాలి."

"గది దేవుడు పోసింది గద సారూ!" అని మేనత్త ఎంత వాదించినా ఆయన వినలేదు. పరిశోధనలో అలాగే ఉంటుందట.

ఆ అమ్మాయి గట్టెక్కింది. మిగిలిన రోజుల లెక్కలతోనే డాక్టరయింది. గ్రంథంలో ఒక పేజీ అడుగున, సోమవారాల కొలతలు ఎందుకు వదిలేశారో నాలుగు వరుసల్లో ఉందని ఆమె నాకు చదివి వినిపించింది. మేనత్త పోయి రెండేళ్లయింది. మేమిద్దరం గోనెసంచి కింద నిలబడ్డ ఆ వాన ఏ లెక్కలోనూ లేదు. ఉన్న సాక్షుల్లో నమ్మదగినవాళ్లనే కాలం ముందు తీసుకుపోతుందేమో. అది కురిసిందని చెప్పడానికి ఇప్పుడు నేనొక్కణ్నే మిగిలాను, నేను చెబితే నమ్మేదెవరు?