ఉత్త ఫ్లాష్

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. దయ్యాలూ ఆత్మలూ అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మంట. మా స్కూల్లో పాత ల్యాబు గదిలో ఎవరో నడుస్తున్న చప్పుడు వస్తోందని ఆరో క్లాసు పిల్లలు గోల పెడితే, వారం రోజులు మధ్యాహ్నం క్యారేజీ అక్కడే కూర్చుని తిన్నాను. ఎలకలు. అంతే. కాబట్టి ఇది చదివి "పాపం, టీచరమ్మకి ఏదో అయింది" అనుకునేవాళ్ళు నిక్షేపంగా అనుకోవచ్చు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది తిరువూరు. మా నాన్నగారి తమ్ముడు రాఘవ బాబాయి బస్టాండు దగ్గర చాలా ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపాడు. ఇటు ఎ.కొండూరు, అటు గంపలగూడెం, ఎక్కడ పెళ్ళయినా కెమెరా మెడలో వేసుకుని ఆయనే దిగేవాడు. ఊళ్ళల్లో ఆయన పేరు ఎవరికీ తెలీదు, ఫోటోబాబు అనేవాళ్ళు. సెల్‌ఫోన్లు వచ్చాక స్టూడియో మూసేసి, ఆ కెమెరా నాకిచ్చేశాడు. నల్లటిది, ఇనుములా బరువు. పైన విడిగా బిగించే ఫ్లాషు.

అందరూ ఫోన్లో వందలకి వందలు తీసుకునే ఈ రోజుల్లో నేను రీలు కెమెరాతో తిరగడం మా వీధిలో పెద్ద కామెడీ. ఫోటో తియ్యగానే పిల్లలు పరిగెత్తుకొచ్చి కెమెరా వెనక్కి చూస్తారు. అక్కడ నల్ల మూత తప్ప ఏమీ ఉండదు. "అయ్యో టీచర్, స్క్రీన్ పోయింది" అని జాలిపడతారు. రీలు కడిగేవాళ్ళు ఇక్కడ ఎవరూ మిగల్లేదు గనక హైదరాబాదు పట్టుకెళ్ళాలి. ఆ సంగతి ఎత్తితే చాలు, మా ఆయన నవ్వడం మొదలుపెడతాడు.

ఈ కెమెరా గురించి రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, ఫోటో తీసిన ప్రతిసారీ కుడి బొటనవేలితో చిన్న పిడి లాగాలి. కర్రుమని చప్పుడొస్తుంది, రీలు ఒక ఫోటో మేర ముందుకి జరుగుతుంది. లాగకపోతే తరవాతి ఫోటో పడదు. రెండోది నా అలవాటు. ప్రతి ఫోటోకీ నంబరు, ఊరు, వెలుతురు ఎలా ఉందో నోటుబుక్కులో రాసుకుంటాను. ముప్ఫై ఆరుకి ముప్ఫై ఆరూ రాసి ఉంటాయి.

పోయినేడాది బాబాయికి గుండెకి స్టెంటు వేశారు. విజయవాడ నుంచి ఇంటికి తెచ్చిన నాలుగో రోజు పొద్దున్నే నన్ను రమ్మన్నాడు. పిన్నిని కాఫీ పెట్టమని లోపలికి పంపి, మెల్లిగా మొదలుపెట్టాడు. "అమ్మాయీ, నాంచారమ్మ గుర్తుందా?"

ఎందుకు గుర్తులేదు! నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. గంపలగూడెం అవతల ఊరు, కూలి పనికి వెళ్తుంది. తిరువూరులో ఏ పనున్నా వెళ్ళేముందు స్టూడియో గుమ్మం దగ్గర ఆగి ఒకటే మాట అడిగేది. "బాబూ, రీలు దొరికిందా?" బాబాయి తల వంచుకుని "వెతుకుతున్నానమ్మా" అనేవాడు. స్టూడియో మూసేశాక ఇంటికొచ్చి అడిగేది. ఒక పెళ్ళిలో బాబాయి ఆవిడ కూతుర్ని ఫోటో తీశాడని, ఆ రీలు ఎక్కడో పోయిందని, పిల్ల తరవాత జ్వరంతో చనిపోయిందని, వాళ్ళ దగ్గర ఇంకే ఫోటో లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. పిల్ల పేరు రత్నం. అప్పటికి నాలుగేళ్ళు.

"ఆ రీలు పోలేదే," అన్నాడు బాబాయి. "అసలు లేదు. నేను కొట్టింది ఉత్త ఫ్లాష్."

ఉత్త ఫ్లాష్ అంటే నాకు తెలుసు. పెళ్ళికి రెండో మూడో రీళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు. మమ్మల్ని తియ్యంటే మమ్మల్ని తియ్యమని మీద పడేవాళ్ళు మాత్రం ఊరంతా. కాదంటే అలిగి కూర్చుంటారు. అందుకని ఫ్లాషు వెనకాల ఉండే ఎర్ర బటన్ ఒక్కటీ నొక్కేవాళ్ళు. తళుక్కుమని వెలుగొస్తుంది, కెమెరా మాత్రం తెరుచుకోదు. ఫోటో పడిందనుకుని వాళ్ళు సంతోషంగా వెళ్ళి భోజనాల బంతిలో కూర్చునేవాళ్ళు. ఆ కాలంలో ఆ పని చెయ్యని పెళ్ళి ఫోటోగ్రాఫరు నాకు తెలిసి లేడు.

"తాళి కట్టే టైము. రీల్లో నాలుగే ఉన్నాయి. ఆవిడ పిల్లని పక్కన నిలబెట్టుకుని తియ్యి బాబూ అంది. కొట్టాను. వెలుగుకి పిల్ల కళ్ళు గట్టిగా మూసేసుకుంది. ఇంకోటి తియ్యమంది. బాగా వచ్చిందిలేమ్మా, వెళ్ళి భోంచెయ్యండి అన్నాను. రెండు నెలలకి ఫోటో కోసం వచ్చింది. పిల్ల పోయిందని చెప్పింది. ఏం చెప్పను? రీలు కనపడట్లేదన్నాను. ఇక ఆ మాటే నిలబెట్టుకుంటూ వచ్చాను."

ఆసుపత్రిలో మత్తు ఇచ్చేముందు ఆయనకి గుర్తొచ్చింది పిన్ని కాదట, పిల్లలూ కాదట, నాంచారమ్మట. తను చచ్చేలోపు ఆవిడకి నిజం తెలియాలి, తనకి నోరు రావట్లేదు, నువ్వు వెళ్ళి చెప్పు అన్నాడు. నాకు కోపం ఆగలేదు. గుండెకి ఆపరేషన్ అయిన మనిషని కూడా చూడకుండా తిట్టాను. ఒక తల్లిని ఇన్నేళ్ళు తిప్పించుకుంటావా, సిగ్గులేదా అన్నాను.

ఆ శనివారం రెండో పూట స్కూలు లేదు. మధ్యాహ్నం షేర్ ఆటో ఎక్కాను. కెమెరాలో ముప్ఫై అయిదు అయిపోయాయి. దారిలో పత్తి బస్తాలు నింపుకుని ఒరిగిపోతున్న ట్రాలీ ఆటో కనపడితే ముప్ఫై ఆరోది తీసేశాను. నోటుబుక్కులో ఉంది: "36. గంపలగూడెం రోడ్డు, పత్తి, మంచి ఎండ." పిడి లాగితే కదల్లేదు. రీలు అయిపోయిందన్నమాట. రెండో రీలు ఇంట్లో బల్ల మీదే మర్చిపోయాను.

నాంచారమ్మ పంచలో నులక మంచం మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. చూపుడు వేలు తెగిందని తెల్ల గుడ్డపేలిక చుట్టుకుంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. కొడుకూ కోడలూ పనిలోకి వెళ్ళారు, వాళ్ళకి ఇంకా పిల్లల్లేరు. నేను ఫోటోబాబు వాళ్ళన్న కూతుర్ని, టీచర్నని చెప్పగానే ఆవిడ మొహం వెలిగింది. "రీలు దొరికిందా అమ్మా?" అంది.

అంత గొంతు వేసుకుని బాబాయిని తిట్టినదాన్ని, అక్కడ నేనూ అబద్ధమే చెప్పాను. "ఇంకా లేదమ్మా, ఊరికే చూసిపోదామని వచ్చాను" అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆవిడ నా మెడలో కెమెరా చూసింది. "బాబుదేగా అది? నన్నొకటి తియ్యి టీచరమ్మా." ఫోన్ తీశాను. "అది వద్దు, దాంతోనే తియ్యి" అంది. రీలు అయిపోయిందని ఒక్క ముక్క చెప్పొచ్చు. ఈ కెమెరా ముందు ఆవిడతో మళ్ళీ రీలు లేదనే మాట ఎలా అనను?

ఆవిడ చాకు పక్కన పెట్టి, మంచం మీద కాస్త జరిగింది. కుడి చెయ్యి పక్కకి చాపి గాల్లో అలా ఉంచింది. ఫోటోకి అదేం భంగిమ అనుకున్నాను. అనుకుని, ఎర్ర బటన్ నొక్కాను.

అవును. మా బాబాయి చేసిన పనే నేనూ చేశాను.

ఆ రీలు నేనే స్వయంగా హైదరాబాదు తీసుకెళ్ళాను. కొరియర్లో పంపితే ఎక్కడ ఏ ఎక్స్‌రే మెషీన్లో పెడతారో, రీలు పాడవుతుందో అని భయం. మెట్రో స్టేషన్లో బ్యాగు స్కానింగ్‌లో పెట్టమంటే రీలు డబ్బా చేత్తో పట్టుకుని బతిమాలుకున్నాను. సెక్యూరిటీ అమ్మాయి దాన్ని చెవి దగ్గర ఊపి "ఏంటి మేడమ్ ఇది, మందా?" అంది. కెమెరా రీలంటే నమ్మక, పక్కనున్న పెద్దాయన్ని పిలిచింది. ఆయన చూసి "పోనియ్యమ్మా, మా పెళ్ళప్పటిది" అన్నాడు. రీలు మీద ఎక్స్‌రే పడలేదని చెప్పడానికే ఇదంతా రాశాను.

ఫోటో ల్యాబతను సాయంత్రానికి కడిగి ఇచ్చాడు. "మేడమ్, మీ కెమెరా ఓసారి చూపించుకోండి, రీలు చివర కూడా ఏదో పడింది" అన్నాడు.

రీలు చివర ముక్క, టేపుతో డబ్బాకి అంటించి ఉండేది, లెన్సు ముందుకి రానే రాదు. అది ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. పత్తి ఆటో ముప్ఫై ఆరో నంబరు దగ్గర శుభ్రంగా పడింది. దాని తరవాత ఆ ఖాళీ ముక్కలో ఇంకో ఫోటో ఉంది. టేపు దగ్గర తెగిపోయి నాంచారమ్మ మొహం లేదు. నులక మంచం ఉంది. గుడ్డపేలిక చుట్టిన వేలితో ఆవిడ చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఒక చిన్న పిల్ల భుజం మీద ఉంది.

రెండు పిలకలు, రిబ్బన్లు. గౌనుకి పై బొత్తం లేదు. కళ్ళు గట్టిగా మూసుకుంది. గుప్పిట్లో ఏదో గుండ్రంగా, ఓ పక్క కొరికేసి ఉంది.

నేను భయపడలేదు. నిజంగా. ల్యాబు బయట టీ తాగి, టీచర్‌లాగే ఆలోచించాను. పాత రీలా? కాదు, సీలు నేనే చింపాను. పైగా ఆ గుడ్డపేలిక ఆ వారం నాటిదే. వెలుతురు లోపలికి దూరిందా? దూరితే తెల్ల మరక పడుతుంది, రిబ్బన్లు పడవు. పక్కింటి పిల్లా? నా రెండు కళ్ళతో చూశాను, ఆ మంచం మీద ఆవిడ ఒక్కతే.

ఇంటికొచ్చి, ఫోటో సంగతి చెప్పకుండా బాబాయిని అడిగాను. "ఆ రోజు రత్నం చేతిలో ఏముంది?" వెంటనే చెప్పాడు. "పెళ్ళి లడ్డు. సగం కొరికింది. ఎందుకే?" అప్పుడు ఫోటో చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చాలాసేపు చూశాడు. "పద, నేను వస్తా" అన్నాడు. ఫోటో ఇచ్చేస్తే సరిపోతుందిగా, ఇక చెప్పడం ఎందుకు అన్నాను. "కాదు. ముందు నిజం చెప్తాను. ఫోటో తరవాత" అన్నాడు.

ఆదివారం పొద్దున వెళ్ళాం. నాంచారమ్మ కంగారుగా కుర్చీ వేసింది. బాబాయి కూర్చోలేదు. గుంజ పట్టుకుని నిలబడి ఒక్క గుక్కలో చెప్పేశాడు. "నాంచారమ్మా, ఆ రోజు నేను ఫోటో తియ్యలేదమ్మా. రీలు దాచుకోవాలని ఉత్త వెలుగు కొట్టాను. పోయిందని ఇన్నేళ్ళూ అబద్ధం చెప్పాను."

ఆవిడ ఏమీ కంగారు పడలేదు. "తెలుసు బాబూ" అంది.

బాబాయి నా వైపు చూశాడు.

"అందరికీ తీసినప్పుడు కర్రుమని తిప్పారు. మా రత్నానికి తిప్పలేదు. చప్పుడు రాలేదు. అప్పుడే అనుకున్నా."

"మరి ఇన్నేళ్ళూ రీలు దొరికిందా అని ఎందుకడిగావమ్మా?" అన్నాడు బాబాయి.

"మీరు చెప్తారేమోనని."

బాబాయి అప్పుడు కూర్చున్నాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాంచారమ్మ లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను కూడా చెప్పాలి గనక, మొన్న నేను నొక్కింది కూడా ఉత్తదేనని చెప్పాను. "తెలుసుగా, నువ్వూ తిప్పలేదు. మీ ఇంటి అలవాటేమో" అని నవ్వింది.

ఫోటో ఇచ్చాను. ఆవిడ దాన్ని వెలుతురు వైపు పట్టుకుంది. ఆశ్చర్యపోతుందనుకున్నాను. పడిపోతుందేమోనని మంచం పక్కనే నిలబడ్డాను కూడా. ఆవిడ ముందు పిల్ల మొహం మీద, తరవాత ఫోటోలో తన గుడ్డపేలిక మీద వేలితో తడిమింది. "కళ్ళు మూసేసింది చూడు. అప్పుడూ అంతే" అంది, విసుగ్గా, ప్రేమగా. "ఇంకోటి తియ్యమ్మా. ఈసారి తిప్పు, నాకు వినపడాలి."

కొత్త రీలు ఉంది. ఆవిడ మళ్ళీ పక్కకి జరిగి చెయ్యి చాపింది. కర్రుమని తిప్పి తీశాను. మూడు తీశాను, మూడుసార్లూ ఆవిడ తల ఊపింది. కడిగిస్తే మూడింట్లోనూ నాంచారమ్మ నవ్వుతోంది. పక్కన నులక మంచం ఖాళీగా ఉంది.

నెగెటివ్ నా బీరువాలో ఉంది. ఫోటో తీయడం తెలిసినవాళ్ళు ముగ్గురు చూశారు. ఒకరు లెన్సన్నారు, ఒకరు రసాయనమన్నారు, మూడో ఆయన కవర్లో పెట్టి తిరిగి ఇచ్చేశాడు. పోయిన వారం పదో క్లాసుకి కాంతి పాఠం మొదలుపెట్టాను. వెలుగు లోపలికి వెళ్ళకపోతే బొమ్మ పడదు అని బోర్డు మీద రాసి, సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "తరవాత ఏంటి టీచర్?" అని పిల్లలు అడిగేదాకా.