ఒకే ఇంటిపేరు, ఆరు జాకెట్లు

మా వదిన గారికి రాజోలులో ఎంబ్రాయిడరీ మిషను ఉంది. బాగా పాతది. పెన్‌డ్రైవు పెడితే డిజైను బొమ్మ చూపించదు, ఫైలు పేరు కూడా ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలే చూపిస్తుంది. లెక్కలూ కంప్యూటరూ సొంతంగా నేర్చుకున్న నేను డిజైన్లు ఎక్కించి ఇస్తుంటాను. ఫైలు పేరు శుభలేఖలో రాసినట్టే పెడతాను: ముందు ఇంటిపేరు, తరవాత మనిషి పేరు, ఆ తరవాత జాకెట్టు వివరం. నా కంప్యూటరులో చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉంటుందో!

ఆ రోజు ఒకే ఇంటివాళ్లవి ఆరు జాకెట్లు వచ్చాయి. అన్నిటికీ ముందు ఆ ఇంటిపేరే పెట్టాను. రాత్రికే ముహూర్తం. పెళ్లికూతురి జాకెట్టు గుడ్డ పెళ్లి చీరలోంచి కోసింది. అలాంటిది మరొకటి దొరకదు. దానిమీద వేరే డిజైను పడితే, విప్పినా సూది బెజ్జాలు పోవు.

మిషను తెరమీద మనుషుల పేర్లకి చోటు చాలక, ఆ ఇంటిపేరు ముక్కే నాలుగుసార్లు, చివర ఒకటి, రెండు, మూడు, నాలుగు. మిగతా రెండూ అర్థంలేని అక్షరాలు.

"పెళ్లికూతురిది ఏదండీ మరిది గారూ?" అన్నారు వదిన గారు, గుడ్డ ఫ్రేములో బిగించబోతూ.

"ఒకటోదండి. ముందు చేసింది అదే."

అయినా అనుమానం వచ్చి ముందు చింకి గుడ్డమీద వేయించాను. నెమలి రావాలి, ఏనుగు తొండం వచ్చింది! అంకెలు నేను తయారుచేసిన వరసలో కాక, పెన్‌డ్రైవులోకి ఎక్కిన వరసలో పడ్డాయన్నమాట.

ఆటోని బయటే ఆపి ఉంచి, లోపల మా పక్కనే కూర్చున్న పెళ్లికూతురి మేనత్త గారు పకపకా నవ్వారు. "ఏనుగు నాదండీ! మా పుట్టింటి పేరు మీ మిషనుకి నోరు తిరగలేదేంటండీ?"

"ఆయ్, తిరగలేదండి. అది తీసేసి, అమ్మాయికి ఎవరేమవుతారో ఆ చుట్టరికాలు పెట్టేద్దాం," అన్నాను.

పెద్దమ్మ, ఇంగ్లీషులో సరిగ్గా ఎనిమిది అక్షరాలు! మేనత్త ఏడు. నాయనమ్మ తొమ్మిది, ఒకటి ఎక్కువ; మామ్మ అనేసరికి ఐదుకు దిగింది. నాకు కుర్చీలో కుదురు లేదు. పెళ్లికూతురు మాత్రం ఏకంగా పదకొండు.

"అమ్మాయి అని పెట్టండి. మేం పిలిచేది అలాగేనండి," అన్నారు మేనత్త గారు.

ఆరు!

మళ్లీ చింకి గుడ్డ. మెడ, తోక... నెమలే. అప్పుడు పట్టుగుడ్డ బిగించాం. సూది దిగింది. మొదటి ఈక విచ్చుకోగానే ముగ్గురం ఒక్కసారే కేక పెట్టాం. ఆఖరి దారం తెంపగానే మేనత్త గారు గుడ్డ లాక్కుని, టైలరు దగ్గరికని ఆటో ఎక్కేశారు.

"మీ జాకెట్టో?" అని అరిచారు వదిన గారు.

"నాదెవరు చూస్తారండీ, చూసేది అమ్మాయినే! పోనియ్యి బాబూ!"