కొల్లేటి గట్టు మీద రెండు నావిగేషన్లు

మహాప్రయాణం కథ ఒకటి చెబుతాను, వినండి. నిజానికి మేం తాడేపల్లిగూడెం నుంచి కొల్లేరు దాకా వెళ్లాం, అంతే. కన్యాకుమారికి కారులో బయల్దేరే ముందు ఏ నావిగేషన్‌ని నమ్మాలో తేల్చుకోవడానికే ఈ ప్రయాణం. నాన్న కొత్త కారులో ఒకటి బిగించే వచ్చింది. అక్కని కొత్తగా చేసుకున్న బావ తెచ్చిన చిన్నది ముందు అద్దానికి అతికించి ఉంది. అది ఓడిపోతే అల్లుడి ముఖం చిన్నబోతుందని నాన్న బెంగ.

చేపల చెరువుల మధ్య దారి చీలింది. కారుది ఎడమకంది, బావది కుడికంది.

"మీది చెప్పినట్టే పోదామండీ అల్లుడుగారూ."

"అబ్బే, మీదే రైటండీ మావయ్యగారూ."

"అలా అనకండి, బాగోదు."

నాన్న ఇంజన్ ఆపేశారు. పొగమంచులో గూడబాతులు తేలుతున్నాయి. తెర మీది మ్యాపులో మా కారు బాణం కూడా చెరువుల నీలం మధ్యలో తేలుతోంది. మేమూ పక్షులమైపోయామనిపించింది. నేనైతే ఆకలేసిన పక్షిని.

"మర్యాదలయ్యాక లేపండి," అన్నాను వెనకసీట్లోంచి.

ఇంతలో బావ తెచ్చిన చిన్న తెర చార్జింగ్ అయిపోయి నల్లబడింది. బావ గెలవనూ లేదు, ఓడనూ లేదు. ఎడమకి తిరిగాం.

చార్జర్ వైరు ఇంట్లోనే ఉండిపోయింది.