దొన్నె అంచున ఆగిన తత్వం

బచేలీ ఇనుప గనిలో పనిచేస్తూ ఎం.ఏ. ఫిలాసఫీ చదివే రోజులవి. బుద్ధి భయాన్ని అదుపు చేస్తుందన్న పదిహేడో శతాబ్దపు ఐరోపా పండితుల మాటను క్యాంటీన్‌లో అందరికీ వడ్డించేవాణ్ణి.

ఓ ఆదివారం తోటి ఉద్యోగి ముత్తయ్య కోంటా దగ్గర అడవిలో ఉన్న తన గూడేనికి నన్ను తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మ దొన్నెలో జీలుగు చెట్టు కల్లు పోసి, ముందు తనో గుక్క తాగి నాకిచ్చింది. ఆ గూడేల్లో కొత్తవాళ్ళకు విషం పెడతారన్న పుకారు గుర్తొచ్చి నా చెయ్యి ఆగింది. వెంటనే బుద్ధి పనిలోకి దిగింది: పైపైనే తాగిందేమో! ముందే విరుగుడు మింగిందేమో!

"ఏంది సార్, మా అమ్మ మీద శక్కా? విషం లేదని చూపెట్టుడు మా రివాజు." ముత్తయ్య ముఖం చిన్నబోయింది.

ఆమె నవ్వి, దొన్నె తీసుకుని సగం తాగేసింది. మిగతా సగం సిగ్గుతో కలిపి తాగాను.

బుద్ధి భయానికి యజమాని అని పరీక్షలో రాసి పాసయ్యాను. నాకు తెలిసి అది భయం తన తరఫున వాదించడానికి పెట్టుకున్న వకీలు.